పెద్ద జబ్బు, ప్రార్థన, మందులు: హైదరాబాద్ విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న క్రైస్తవ కుటుంబాలు మా సందర్శన బృందాన్ని మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. ఎక్కువమంది క్యాన్సర్, కిడ్నీ, లివర్, గుండె జబ్బులవాళ్లు. కొందరు పంజాగుట్ట నిమ్స్‌లో ఉంటారు, కొందరు రెడ్ హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో, కొందరు గాంధీ, ఉస్మానియాల్లో, అప్పు చేసైనా ప్రైవేటుకు పోయినవాళ్లు ఇంకొందరు. మేం డాక్టర్లం కాదు. మందుల సంగతి మీ డాక్టరుగారినే అడగండి. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), కథలిక్, బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల మధ్య తేడా ఉన్నచోట ఆ తేడా చెప్పాను. మిగతాచోట నాకు తోచింది మొహమాటం లేకుండా రాశాను.

మందులు వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టేనా?

కాదు. ఈ ప్రశ్న వెనకాల తరచూ ఒక వాక్యం ఉంటుంది. ఆసా రాజు పాదాల జబ్బు ముదిరినప్పుడు యెహోవా దగ్గర విచారణ చేయకుండా వైద్యులను నమ్ముకున్నాడని రెండో దినవృత్తాంతములు 16లో ఉంది. ఈ ఒక్క మాట పట్టుకుని మాత్రల సంచీ పారేసినవాళ్లు ఉన్నారు. ఆసా దేవుణ్ణి పక్కన పెట్టాడన్నదే అక్కడి ఫిర్యాదు. వైద్యం చేయించుకోవడం పాపమని ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.

చావు జబ్బు పడ్డ హిజ్కియా రాజు కథ దీని పక్కన ఉంచి చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. ఆయన గోడ వైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే మాటిచ్చాడు. అంత మాట వచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. పౌలు తిమోతికి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు.

మన ప్రాంతం సంగతే తీసుకుందాం. 1915లో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి మొదలుపెట్టిన ఇసబెల్ కెర్ మెథడిస్టు మిషనరీ, డాక్టరు కూడా. ఆ ఆసుపత్రికి పెద్ద విరాళం ఇచ్చిన నర్సా గౌడ్ హిందువు. మనవాళ్లు రైలెక్కి పోయే వేలూరు ఆసుపత్రిని మొదలుపెట్టిన ఐడా స్కడర్ కూడా మిషనరీ డాక్టరే. మందు వాడటం అవిశ్వాసమైతే ఈ మిషనరీలంతా ఏం చేసినట్టు?

"విశ్వాసం ఉంటే ఈపాటికి తగ్గిపోయేది" అన్నారు. నా విశ్వాసం సరిపోలేదా?

ఈ పేజీలో మిగతావన్నీ వదిలేసినా ఈ జవాబు ఒక్కటి చదవండి. మంచం మీద ఉన్న మనిషికి నొప్పి ఒకటి, ఖర్చు టెన్షన్ ఒకటి, పిల్లల బెంగ ఒకటి. వాటి మీద "నువ్వు సరిగ్గా నమ్మలేదు" అనే నింద కూడా వేస్తే అది చేసే హాని జబ్బు కంటే తక్కువేం కాదు.

స్వస్థత గురించి అందరూ ఎత్తి చూపేది యాకోబు పత్రిక 5వ అధ్యాయం. అందులో రోగి చేయాల్సిన పని ఒక్కటే: సంఘ పెద్దలను పిలిపించుకోవడం. పెద్దలు రావాలి, పెద్దలు నూనె రాయాలి, పెద్దలు ప్రార్థించాలి. విశ్వాసంతో చేసే ఆ ప్రార్థన వాళ్లది. మంచం మీద ఉన్నవాడి విశ్వాసాన్ని కొలవమని యాకోబు చెప్పలేదు. మార్కు 2లో పక్షవాయువు వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి కిందికి దించారు. యేసు చూసింది వాళ్ల విశ్వాసాన్ని అని మార్కు రాశాడు. మంచం మీద ఉన్నవాడు ఒక్క మాట మాట్లాడినట్టు కూడా లేదు. యేసు బ్రతికించిన లాజరు అయితే సమాధిలో ఉన్నాడు, ఆయన నమ్మడానికి ఏముంది? కాబట్టి ఇంకోసారి ఎవరైనా "నీ విశ్వాసం చాలలేదు" అంటే, "మరి మీరు చేసిన ప్రార్థనలో విశ్వాసం ఎంత ఉంది అయ్యగారూ?" అని అడగవచ్చు. మర్యాదగానే అడగండి.

స్వస్థత పొందని విశ్వాసుల పేర్లు కూడా బైబిల్లో దాచకుండా ఉన్నాయి. పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది కానీ ముల్లు పోలేదు. అదే పౌలు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వచ్చానని రాశాడు. చేతిగుడ్డలు తాకితేనే రోగులు బాగయ్యారని అపొస్తలుల కార్యములలో ఉంది ఆ పౌలు గురించే.

మన ఊళ్లో బ్రదర్ భక్త్ సింగ్ గారిని ఎరగని విశ్వాసి అరుదు. గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గరి హెబ్రోను సంఘం సువార్తికుడైన ఆయన మొదలుపెట్టిందే. ఆయన ప్రార్థిస్తే జబ్బు తగ్గిందని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మనిషే పార్కిన్సన్స్ జబ్బుతో చివరి ఏళ్లు మంచం మీద గడిపి, 2000 సెప్టెంబరు 17న తన 97వ ఏట హెబ్రోనులో కన్నుమూశారు. ఆయన విశ్వాసం చాలలేదని అనే ధైర్యం ఎవరికైనా ఉందా?

ఇది ఏదో పాపానికి శిక్షా? ఎవరో చేతబడి చేశారని మా అత్తగారంటున్నారు.

పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వాడూ కాదు, వాణ్ణి కన్నవాళ్లూ కాదన్నాడు యేసు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు కూడా వాళ్లు మిగతావాళ్ల కంటే పాపులు కాదనే చెప్పాడు. గుట్కా, సిగరెట్, తాగుడు వల్ల వచ్చే జబ్బులు ఉన్న మాట నిజమే. అవి మానేయాలి కూడా. కానీ దానికీ, దేవుడు గురిపెట్టి కొట్టాడనడానికీ చాలా తేడా ఉంది.

చేతబడి, బాణామతి మాటలు ఇంట్లో మొదలయ్యాయంటే పెద్దవాళ్లను కూర్చోబెట్టి రిపోర్టు చూపించండి. లేకపోతే పక్కింటి ముసలావిడ మీద నింద పడుతుంది. మూర్ఛ, మానసిక జబ్బుల విషయంలో "దయ్యం పట్టింది" అని గొలుసులు కట్టి కూటాల వెంట తిప్పడం ఇంకా ఘోరం. ముందు న్యూరాలజీకో, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికో తీసుకెళ్లండి. ప్రార్థన దారిలో కూడా చేయొచ్చు.

అయితే స్వస్థత కోసం అడగడం మానేయాలా?

అడగండి. గట్టిగా అడగండి, రోజూ అడగండి. గెత్సేమనేలో యేసు కూడా ఈ గిన్నె తొలగించమని అడిగాడు, చెమట రక్తపు బొట్లలా పడేంతగా అడిగాడు. బొమ్మకు మొక్కకపోతే అగ్నిలో వేయిస్తానన్న రాజుతో షద్రకు, మేషాకు, అబేద్నెగో అన్న మాట నాకు ఎప్పుడూ గుర్తుంటుంది: మా దేవుడు రక్షించగలడు, రక్షించకపోయినా నీ బొమ్మకు మొక్కం. ఆ రెండో సగం కూడా విశ్వాసమే. మన స్వస్థత కూటాల పోస్టర్లలో మొదటి సగమే కనిపిస్తుంది.

తగ్గిందని సాక్ష్యం చెప్పమంటున్నారు. చెప్పాక మందులు మానొచ్చా?

సాక్ష్యం చెప్పండి, కానీ రిపోర్టులో ఉన్నంతే చెప్పండి. "స్కాన్‌లో ఇప్పుడు ఏమీ కనిపించలేదు, మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు" అన్నది సంపూర్ణమైన సాక్ష్యం. "పూర్తిగా పోయింది, ఇక ఆసుపత్రి మెట్లెక్కను" అన్నది మీకు తెలియని విషయం మీద సాక్ష్యం. ఆ తర్వాత జబ్బు తిరగబెడితే చాలామంది సిగ్గుతో డాక్టరు దగ్గరికీ పోరు, సంఘానికీ రారు. దాచిపెట్టుకుంటూ మూడో దశకు తెచ్చుకుంటారు.

మందులు డాక్టరు ఆపమంటేనే ఆపాలి. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి మానితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. టీబీ మందులు మధ్యలో వదిలేస్తే మందులకు లొంగని టీబీగా మారవచ్చు, అది ఇంట్లో పిల్లలకూ అంటుతుంది. యేసు కుష్ఠు రోగిని బాగుచేసి కూడా, వెళ్లి యాజకుడికి కనబరుచుకోమన్నాడు. ఆ రోజుల్లో బాగయిందని తేల్చే అధికారం యాజకుడిది. ఇప్పుడు ఆ పని ఎవరిదో మీకు తెలుసు.

ప్రార్థన నూనె, ప్రార్థన నీళ్లు, ఉపవాసం: వీటిలో ఏది ఫరవాలేదు?

మూడూ భక్తితో చేసేవే. అయినా పేషెంటు శరీరం ఏ స్థితిలో ఉందో తెలియకుండా చేస్తే కష్టం.

నూనె నుదుటి మీద ఒక చుక్క చాలు. రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న ఒక అక్కకు ఛాతీ మీద, చంక దగ్గర ఇంకు గీతలు పెట్టి పంపించారు. మిషన్ కిరణాలు ఎక్కడ పడాలో ఆ గీతల్ని చూసే సరిచేస్తారు. పరామర్శకు వచ్చిన ఒక పెద్దావిడ ఎంతో ప్రేమగా, సీసాలోంచి నూనె అరచేతిలో పోసుకుని సరిగ్గా అక్కడే రాసింది. ఒక గీత మసకబారింది, ఇంకోటి జాకెట్టుకు అంటుకుంది. మర్నాడు మళ్లీ మార్కింగ్ చేయించుకోవాల్సి వచ్చింది. రేడియేషన్ పడిన చర్మం కాలినట్టు సున్నితంగా ఉంటుంది. అక్కడ నూనె, క్రీము, పౌడరు ఏదైనా సరే డాక్టరు చెప్పకుండా పూయకూడదు.

నీళ్ల సంగతి డయాలసిస్ వాళ్లకు ముఖ్యం. వాళ్లు రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో లెక్క ఉంటుంది. టీ, మజ్జిగ, సాంబారు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ప్రార్థన చేసిన నీళ్లు కదా అని లీటరు సీసా తాగిస్తే ఒళ్లు ఉబ్బి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, రాత్రికి రాత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తాలి. ప్రార్థన చేసినంత మాత్రాన నీళ్ల కొలత మారదు.

ఉపవాసం పేషెంటు చేయొద్దు. కీమోలో ఉన్నవాళ్లకు తిండి ఎక్కడమే కష్టం. ఇన్సులిన్ వేసుకుని తినకపోతే షుగర్ పడిపోయి స్పృహ తప్పుతుంది. ఉపవాసం ఉండాలని ఉంటే చుట్టాలు ఉండండి, ఆ పూట వంట మిగులుతుంది కదా, క్యారేజీ కట్టి ఆసుపత్రికి పట్టుకురండి. ప్రభువు బల్ల విషయంలో కూడా, నోట్లో పుండ్లు ఉన్నవాళ్లకు రొట్టె చిన్న ముక్క ద్రాక్షరసంలో తడిపి ఇస్తే సరిపోతుంది. ఆపరేషన్ ముందు నోటికి ఏమీ ఇవ్వొద్దన్నప్పుడు అది కూడా వద్దు.

ఫాదర్ గారిని పిలిచి అభ్యంగనం ఇప్పిద్దామంటే అమ్మ భయపడుతోంది.

రోగికి నూనె రాసి ప్రార్థించే ఆ కథలిక్ సంస్కారం పాత రోజుల్లో చివరి ఘడియలోనే ఇచ్చేవారు. అందుకే ఫాదర్ గారు నూనెతో గుమ్మంలో కనిపిస్తే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. రెండో వాటికన్ మహాసభ తర్వాత అది మారింది. జబ్బు తీవ్రమైనప్పుడు, పెద్ద ఆపరేషన్‌కు ముందు, వయసు మీదపడి బలహీనపడినప్పుడు కూడా తీసుకోవచ్చు. జబ్బు మళ్లీ ముదిరితే ఇంకోసారి కూడా ఇస్తారు. ఫిబ్రవరి 11న లూర్దుమాత పండుగ నాడు ప్రపంచ రోగుల దినం జరుపుతారు. 1992లో రెండో జాన్ పాల్ పాపుగారు ప్రకటించారు. చాలా విచారణల్లో (పారిష్‌లలో) ఆ రోజు పూజలోనే అందరి మధ్య అభ్యంగనం ఇస్తారు. అమ్మను అప్పుడు తీసుకెళ్తే, తీసుకున్నవాళ్లు నడిచి ఇంటికి పోవడం చూసి భయం సగం పోతుంది.

నాన్నగారికి క్యాన్సర్ అని చెప్పాలా? తెలిస్తే తట్టుకోలేరు.

ఇళ్లలో ఇది మామూలే. "గడ్డ" అంటారు, "ఇన్ఫెక్షన్" అంటారు, డాక్టరు గదిలోకి కొడుకు ఒక్కడే వెళ్తాడు. కానీ ఆయన్ను తీసుకెళ్లేది ఎంఎన్‌జేకి. గేటు మీద క్యాన్సర్ ఆసుపత్రి అని రాసి ఉంటుంది, పక్క బెడ్డు ఆయన తన జబ్బు గురించి అంతా చెప్తాడు. చాలామంది నాన్నలకు తెలుసు. పిల్లలు బాధపడతారని తెలియనట్టు ఉంటారు. ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు నటిస్తూ, కలిసి ప్రార్థించుకోవడానికి కూడా లేకుండా పోతుంది.

చావు దగ్గరపడిందని యెషయా హిజ్కియాకు ముఖం మీదే చెప్పాడు: "నీ యిల్లు చక్కబెట్టుకొనుము". అంత కటువుగా చెప్పాల్సిన పని లేదు. ముందు ఆయన్నే అడగండి: "డాక్టరుగారు చెప్పింది నీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది నాన్నా?" కొందరు అంతా చెప్పమంటారు, కొందరు "మీరే చూసుకోండి" అంటారు. రెండూ ఆయన హక్కే. అడిగినప్పుడు మాత్రం అబద్ధం చెప్పొద్దు. తెలిసినవాళ్లు చేసుకునే పనులు నేను చూశాను: తమ్ముడితో పన్నెండేళ్ల పొలం తగాదా తేల్చుకోవడం, బ్యాంకులో నామినీ పేరు రాయించడం, చిన్నమ్మాయి పెళ్లి రెండు నెలలు ముందుకు జరపడం. తెలియకపోతే ఇవేవీ జరిగేవి కావు.

టీవీలో ఒక దైవజనుడు కానుక పంపితే ప్రత్యేక ప్రార్థన చేస్తామంటున్నారు. పంపాలా?

వద్దు. నయమాను కుష్ఠు తగ్గాక వెండి, బంగారం, బట్టలు ఇవ్వబోతే ఎలీషా ఒక్కటీ ముట్టుకోలేదు. వెనకాల పరుగెత్తి తీసుకున్నవాడు ఎలీషా సేవకుడు గేహజీ. వాడికి ఏమైందో రెండో రాజులు 5లో చదవండి. మీ సంఘానికి ఇచ్చే మామూలు కానుక మీ ఇష్టం. కానీ ప్రార్థనకు రేటు పెట్టినచోట, "విత్తనం వేస్తే స్వస్థత కోస్తావు" అన్నచోట, ఆ డబ్బు మందుల షాపులో కట్టండి. తాళి తాకట్టు పెట్టి పంపినవాళ్లను చూశాక ఇంతకంటే మెత్తగా రాయడం నావల్ల కాదు.

దేవుడి మీద కోపం వస్తోంది. ప్రార్థన నోట రావడం లేదు.

కోపాన్ని ఆయనకే చెప్పండి. కీర్తనల గ్రంథంలో మూడో వంతుకు పైగా ఇలాంటి మొరలే. 88వ కీర్తన అయితే చివరి దాకా చీకటే, స్తుతితో ముగియదు. అలాంటిదాన్ని కూడా తీసేయకుండా ఆరాధన పుస్తకంలో ఉంచారు. యోబు దేవుణ్ణి నిలదీశాడు. దేవుణ్ణి వెనకేసుకొచ్చి నీతులు చెప్పిన స్నేహితుల మీదే చివరికి దేవుడికి కోపం వచ్చింది, యోబు మీద కాదు.

మాట రాకపోతే ఇంకొకరు చదువుతుంటే వినండి. పరలోక ప్రార్థన ఒక్కటి చాలు, సగంలో నిద్రపట్టినా తప్పు లేదు. ఏలీయా ప్రవక్త చనిపోతానని చెట్టు కింద పడుకున్నప్పుడు దూత వాక్యం చెప్పలేదు. రొట్టె, నీళ్లు పెట్టి మళ్లీ పడుకోనిచ్చాడు.

అయితే ఒక సంగతి. వారాల తరబడి నిద్ర లేకపోవడం, దేని మీదా ఆశ లేకపోవడం, చనిపోవాలనే ఆలోచనలు రావడం డిప్రెషన్ కావచ్చు. పెద్ద జబ్బుల్లో అది వస్తుంది, దానికి వైద్యం ఉంది. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు. డబ్బు తీసుకోరు, రాత్రయినా పగలైనా చేయొచ్చు. ఇది విశ్వాసం లేనివాళ్ల జబ్బు అనుకోవద్దు, ఏలీయా విశ్వాసం లేనివాడా?

నొప్పికి మార్ఫిన్ రాశారు. అలవాటైపోతుందా? నొప్పిని సహించడం క్రైస్తవ ధర్మం కాదా?

క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే వ్యసనంగా మారడం అరుదు. మలబద్ధకం మాత్రం దాదాపు ఖాయం, దానికి మందు మొదటి రోజు నుంచే అడిగి తీసుకోండి. మార్ఫిన్ రాశారంటే చావు దగ్గరపడిందని కూడా కాదు. నొప్పి ఎంత ఉందన్నదాన్ని బట్టి రాస్తారు. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించాక ఆసుపత్రులు దీన్ని తెప్పించడం కొంత సులువైంది.

సహనం గురించి: ప్రాణం పోతున్నవాడికి మద్యం ఇవ్వమని సామెతలు 31లో ఉంది. ఆ కాలంలో నొప్పికి ఉన్న మందు అదే. సిలువ దగ్గర యేసు బోళం కలిపిన ద్రాక్షారసం వద్దన్నాడు, నిజమే. అది ఆయన తన విషయంలో తీసుకున్న నిర్ణయం. ఆ ఒక్క వచనం చూపించి అమ్మమ్మను రాత్రంతా మూలగనివ్వడానికి ఎవరికీ హక్కు లేదు. నొప్పి తగ్గితేనే మనిషి మాట్లాడగలుగుతుంది, తినగలుగుతుంది, ప్రార్థించగలుగుతుంది కూడా.

ఎంఎన్‌జేలో నొప్పి, ఉపశమన చికిత్సకు వేరే విభాగమే ఉంది. ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పిస్‌లో డబ్బు తీసుకోకుండా చూస్తారు. ఇలాంటి చోట్లకు పంపారంటే "చేతులెత్తేశారు" అని చుట్టాలు అనుకుంటారు. ఈ చికిత్స కీమో నడుస్తుండగానే మొదలుపెట్టవచ్చు, ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది.

వెంటిలేటర్ వద్దంటే ప్రాణం తీసినట్టా?

ప్రాణం తీయడం వేరు, ఫలితం లేని భారమైన చికిత్సను వద్దనుకుని సహజంగా వెళ్లనివ్వడం వేరు. కథలిక్ సత్యోపదేశం ఈ తేడాను స్పష్టంగానే చెప్తుంది. చాలా ప్రొటెస్టెంటు సంఘాలూ ఇదే అంటాయి. మన దేశంలో 2018 మార్చి 9న సుప్రీంకోర్టు దీనికి దారి చూపింది, 2023లో పద్ధతిని కొంత తేలిక చేసింది. ముందే తన ఇష్టం రాసి పెట్టుకోవచ్చు. ఆసుపత్రిలో రెండు వైద్య బోర్డులు చూసి నిర్ణయిస్తాయి. ఐసీయూ బయట అర్ధరాత్రి అన్నదమ్ములు పోట్లాడుకునే కంటే, పేషెంటుకు తెలివి ఉండగానే అడిగి పెట్టుకోవడం మేలు.

రక్తం ఎక్కించుకోవచ్చా? అవయవ దానం చేస్తే పునరుత్థానంలో ఎలా?

యెహోవా సాక్షులు రక్తం వద్దంటారు. మిగతా సంఘాల్లో దాదాపు అన్నింటికీ అభ్యంతరం లేదు. అవయవ దానం విషయానికొస్తే, మట్టిలో కలిసిన శరీరాన్ని లేపగలిగిన దేవుడికి కిడ్నీ ఒక లెక్కా? రాష్ట్రంలో జీవన్‌దాన్ పథకం 2013 నుంచి నిమ్స్ కేంద్రంగా నడుస్తోంది, అందులో పేరు నమోదు చేసుకోవచ్చు.

డబ్బు లేదు. దేవుడే చూసుకుంటాడని కూర్చోవాలా?

లేచి ఆరోగ్యమిత్ర కౌంటర్‌కు వెళ్లండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో ఏడాదికి కుటుంబానికి 10 లక్షలకు పెరిగింది. ఆహారభద్రత కార్డు, ఆధార్ దగ్గర పెట్టుకోండి. నిమ్స్‌లో ఆపరేషన్లకు సీఎం సహాయనిధి నుంచి ఎల్ఓసీ (ఖర్చు భరిస్తామనే హామీ పత్రం) తెచ్చుకునే దారి ఉంది, ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టుకోవాలి. చికిత్సకు రైల్లో వచ్చే క్యాన్సర్ పేషెంట్లకు స్లీపర్‌లో టికెట్ ఉచితం, డాక్టరు సంతకం పెట్టిన రాయితీ ఫారం ఉండాలి. సంఘంలో ఈ కాగితాల పని తెలిసిన యువకుడు ఒకడుంటే, వాడు చేసే పరిచర్యను పాస్టర్ గారు వేదిక మీద చెప్పి మెచ్చుకోవాలని నా కోరిక.

ఇక నయం కాదని చెప్పేశారు. ఇప్పుడు నిరీక్షణ దేని మీద?

బైబిల్లో స్వస్థత పొందినవాళ్లంతా తర్వాత ఎప్పుడో ఒకప్పుడు చనిపోయారు. నాయీను విధవరాలి కొడుకు, యాయీరు కూతురు, లాజరు కూడా. హిజ్కియాకు దొరికిన పదిహేనేళ్లూ అయిపోయాయి. కాబట్టి క్రైస్తవ నిరీక్షణ మొదటి నుంచీ ఈ శరీరం బాగుపడటం మీద మాత్రమే నిలబడింది కాదు. క్రీస్తు లేచాడు, ఆయనలో ఉన్నవాళ్లు లేస్తారు అన్నదాని మీద నిలబడింది. ఒకటో కొరింథీయులు 15లో పౌలు దీన్ని దాపరికం లేకుండా తేల్చేశాడు: క్రీస్తు లేవకపోతే మన విశ్వాసం వ్యర్థం. లేచిన యేసు చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయన్నది నన్ను ఎప్పుడూ ఆపి ఆలోచింపజేసే విషయం. ఆయన గాయపడనట్టు తిరిగి రాలేదు.

అలాగని ఏడవకూడదని కాదు. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దన్నాడు పౌలు, దుఃఖమే వద్దనలేదు. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా "యేసు కన్నీళ్లు విడిచెను". భూస్థాపన రోజున విధవరాలిని "ఏడవకమ్మా, సాక్ష్యం పోతుంది" అని ఆపేవాళ్లను దయచేసి పక్కకు తీసుకెళ్లండి. నవంబరు 2న కథలిక్కులు, ఈస్టరు తెల్లవారుజామున చాలామంది ఇతర సంఘాలవాళ్లు కొవ్వొత్తులతో సమాధుల దగ్గరికి పోతారు. నారాయణగూడలో, బోయిగూడలో ఏడుస్తూనే పాటలు పాడేవాళ్లుంటారు. రెండూ ఒకే నోట వస్తాయి.

ఈ నిరీక్షణ ఉన్నవాళ్లకు మిగిలిన రోజులు ఖాళీగా ఉండవు. మనవడితో కూర్చోవడం, ఇష్టమైన పులుసు ఒక ముద్దైనా తినడం, క్షమాపణ అడగడం, భూస్థాపనలో ఏ పాటలు పాడాలో చెప్పి పెట్టడం. ఒక తాతయ్య మా చేత పాటల చిట్టా రాయించి, "ఫలానా ఆయన్ని మాత్రం ప్రసంగం చెప్పనివ్వొద్దు, గంటకు తక్కువ ఆపడు" అని నవ్వాడు.

సంఘం తరఫున చూడటానికి వెళ్తున్నాం. ఏం చేయాలి?

ముందు ఫోన్ చేయండి. కీమో అయిన వారం పది రోజుల్లో తెల్లరక్తకణాలు పడిపోతాయి, అప్పుడు జలుబు కూడా ప్రమాదమే. దగ్గు ఉంటే వెళ్లొద్దు. ఇద్దరు చాలు, పదిహేను మంది వద్దు. చేతులు కడుక్కున్నాకే తల మీద చేయి పెట్టండి, అది కూడా అడిగి.

జనరల్ వార్డులో గట్టిగా ప్రార్థన చేయొద్దు. పక్క బెడ్డులో ముస్లిం తల్లి ఉంటుంది, ఎదుటి బెడ్డులో అప్పుడే నిద్రపట్టిన పిల్లవాడు ఉంటాడు. చెవి దగ్గర చెప్పినా దేవుడికి వినిపిస్తుంది. పక్క బెడ్డు వాళ్లను కూడా తిన్నారా అని పలకరించండి, వాళ్లు అడిగితే తప్ప మతం మాట ఎత్తొద్దు. మంచంలో ఉన్న మనిషి నిస్సహాయతను అవకాశంగా వాడుకోవడం సువార్త కాదు. ఇంకెవరికో ఇదే జబ్బు వచ్చి పోయిన కథలూ, వాట్సాప్‌లో వచ్చిన బొప్పాయి ఆకు వైద్యాలూ చెప్పకండి.

అటెండెంటును మర్చిపోవద్దు. భార్యో, తల్లో ఆసుపత్రి వరండాలో చాప మీద పడుకుని, ఐదు రూపాయల భోజనం క్యూలో నిలబడి, చార్జింగ్ పాయింటు కోసం వెతుక్కుంటూ ఉంటుంది. ఆమెను ఒక రాత్రి ఇంటికి పంపి మీలో ఒకరు పడుకోండి. ప్లేట్‌లెట్లు కావాలంటే సంఘం యువకులు వరుస వేసుకుని ఇవ్వొచ్చు. అందుకని బ్లడ్ గ్రూపుల చిట్టా ముందే రాసి పెట్టుకోండి. ఇంటి దగ్గర ఉన్న పిల్లలను బడికి దించడం, కరెంటు బిల్లు కట్టడం, డిశ్చార్జి రోజున కారు తీసుకురావడం కూడా ఇందులోవే. "ఏమైనా కావాలంటే చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు, మొహమాటం. "బుధవారం రాత్రి నేను ఉంటాను, గురువారం మధ్యాహ్నం క్యారేజీ మా ఇంటి నుంచి వస్తుంది" అని చెప్పండి.